పచ్చ పట్టుచీర ఫైలు

జూన్ 24, మంగళవారం

రాసి పెడితే నిజమని నమ్ముతానేమోనని రాస్తున్నాను. మా చెల్లెలు గౌతమి జూన్ 5న చనిపోయింది. అనంతపురం నుంచి రాప్తాడులో మా గదికి షేర్ ఆటోలో వస్తుంటే లారీ గుద్దింది. ఇరవై మూడేళ్లు. ఆటోలో మిగతా అందరూ బతికారు.

రాశాను. అక్షరాలు వరసలోనే పడ్డాయి. ఏమీ అనిపించలేదు. నేను బాగానే ఉన్నాను.

అనంతపురంలో నేను డిజైన్లు చేసే ఫ్లెక్సీ షాపులో ఇవాళ పుట్టినరోజు ఫ్లెక్సీలు మూడు, చావు ఫ్లెక్సీ ఒకటి. పుట్టినరోజుకు నాయకుడి మొహం పెద్దగా మధ్యలో, చుట్టూ ముప్పై నలుగురు అభిమానుల మొహాలు. ఎవరి మొహం ఎవరికంటే చిన్నదైనా సాయంత్రానికి షాపు మీదికి గొడవకు వస్తారు. చావు ఫ్లెక్సీకి ఆ బాధ లేదు. పోయిన మనిషి ఒక్కరే పెద్దగా ఉంటారు, వాళ్లు గొడవకు రారు.

చావు ఫ్లెక్సీ కంబదూరు ఆర్డరు. మా ఊరే. ఓబుళమ్మ, అరవై రెండేళ్లు. కొడుకు చెన్నప్ప ఆధార్ కార్డు తెచ్చాడు. ఆమెకు అదొక్కటే ఫోటో. పల్లెల్లో చాలామంది ఆడవాళ్లకు అంతే. మెడ దాకా ఆధార్ వాళ్లు ఇస్తారు, మెడ కింద మేమివ్వాలి. దానికి కంప్యూటర్లో 'బాడీలు' అని ఒక ఫోల్డర్ ఉంది. మగవాళ్లకు తెల్లచొక్కా ఒకటి, కండువా ఒకటి. ఆడవాళ్లకు ఎర్రచీర ఒకటి, పచ్చ పట్టుచీర ఒకటి. కార్డులోని మొహాన్ని కత్తిరించి బాడీ మీద అతికిస్తే, బతికినన్నాళ్లూ పట్టుచీర కట్టని మనిషి కూడా పోయాక బజారులో పట్టుచీరతో నిలబడుతుంది.

పచ్చ పట్టుచీర బాడీ గౌతమిది. నాలుగేళ్ల కిందట గది ఓనరమ్మను అడిగి చీర తెచ్చి, దానికి కట్టి, షాపు తెల్లగోడ ముందు నిలబెట్టి నేనే ఫోటో తీశాను. చేతులు ముందుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టమన్నాను. తల కత్తిరించి ఫోల్డర్లో పెట్టాను. అప్పటి నుంచి మా షాపుకు వచ్చిన ఆడవాళ్ల చావుల్లో సగం ఆ చేతులతోనే వెళ్లాయి.

ఇవాళ చూస్తే ఆ ఫైలు ఫోల్డర్లో లేదు. నా పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంటే తెచ్చి వేసుకున్నాను. ఓబుళమ్మ మొహం అతికించాను. మెడ దగ్గర రంగు కలపడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టింది. అది ఒక లేయర్, బొమ్మలో ఒక పొర, అంతే.

జూన్ 26, గురువారం

షాపు ఓనరు నూర్ అహమ్మద్ అన్న వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. నేను ఇంకో ఆర్డరుకు పచ్చచీరే తెరిచి ఉన్నాను.

"సరళమ్మా, అది ఏంటికిలే తల్లీ. ఎర్రది ఉండాది కదా, అది ఏసుకో."

"ఎర్రదాని భుజాలు సరిగ్గా లేవన్నా."

"లేకుంటే పోనీ. సచ్చినోళ్ల భుజాలు ఎవరు సూస్తారు?"

"నేను చూస్తా."

ఆయన టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఫైలు తీసేసింది ఆయనేనని అప్పుడు తెలిసింది. మంచి మనిషి. కానీ నా పని నన్ను చేసుకోనిస్తే బాగుంటుంది.

జూన్ 27, శుక్రవారం

కాలేజీ నుంచి ఫోన్. జూలై 4న డెమో క్లాసు చెప్పాలట. ఆడపిల్లల డిగ్రీ కాలేజీ, గ్రాఫిక్ డిజైన్ గెస్ట్ లెక్చరర్, ఒక్కటే పోస్టు, ముగ్గురు అభ్యర్థులు. అప్లికేషన్ ఆఖరి రోజున సమయానికి అందిందని ఫోన్‌లో చెప్పారు.

తొమ్మిదేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని ఆరు రంగులు అడిగిన వాళ్లకు ఆరు రంగులూ వేసిచ్చాను. ఒక్క రంగు చాలని, పేరు చుట్టూ కాస్త ఖాళీ ఉంటేనే ఆ పేరు కనబడుతుందని చెప్పాలని ప్రతిసారీ అనిపిస్తుంది. చెబితే కస్టమర్ పక్క షాపుకు పోతాడు. అందుకే నాకు చెప్పడానికి మనుషులు కావాలి. నేర్చుకోవడానికే వచ్చిన వాళ్లు. ఈ ఉద్యోగం నాకు కావాలి. ఇంతగా ఇంకేదీ అడగలేదు.

అప్లికేషన్ ఇచ్చిన రోజు షాపులో అర్జెంట్ ఫ్లెక్సీ ఉండింది. నేను కదలడానికి వీల్లేకపోయింది.

జూన్ 29, ఆదివారం

కంబదూరు వెళ్లి వచ్చాను. వాన లేదు. వేరుశనగ విత్తనం మూటలు అన్ని ఇళ్లలోనూ గోడకు ఆనించే ఉన్నాయి. నాయన గొర్రెలను తోలుకుని మడకశిర వైపు పోయి పది రోజులైంది. దినాలు కాగానే పోయాడు. గొర్రెలకు మన దినాలు తెలియవు కదా.

గౌతమికి ఫ్లెక్సీ పెట్టలేదు. పెండ్లి కాని పిల్లకు బోర్డు ఎందుకని పెద్దవాళ్లన్నారు, అమ్మ సరేనంది. నేనూ సరేనన్నాను.

అమ్మ నాకు సంగటి పెడుతూ గౌతమినే తిడుతోంది.

"గార్మెంట్స్‌లో పని ఇడిసిపెట్టి, లీవు పెట్టి, టౌనుకు ఏంటికి పోయినట్ల అది? ఎవుర్ని సూసేకి పోయింది? ఈదిలో ఆడోళ్లు ఊరికే అంటాండారా? ఎవుడో ఉండాడంట. నిప్పు లేకుండా పొగ వస్తాదా?"

నేను సంగటి ముద్ద మింగాను.

"నీకు చెప్పలేదా మే? ఇద్దరూ ఒక్క గదిలోనే కదా ఉంటిరి."

"నాకేం తెలుసమ్మా," అన్నాను.

జూన్ 30, సోమవారం

పచ్చచీర ఫోటో అసలుది, మొహంతో ఉన్నది, వెతికాను. లేదు. అప్పట్లో ఫైలు బరువెక్కువైందని తల తీసేసి దాని మీదే సేవ్ చేసినట్టున్నాను.

జూలై 1, మంగళవారం

గాలి, దుమ్ము. ఫ్లెక్సీలు ఆరు. నేను బాగానే ఉన్నాను.

జూలై 2, బుధవారం

డెమోకు ఏం చెప్పాలో తేల్చుకున్నాను. ఒక ఫోటోలోని మొహాన్ని ఇంకో ఫోటోలో అతుకు తెలియకుండా ఎలా కలపాలి అన్నది. నాకు బాగా వచ్చింది అదే. గదిలో నిలబడి గట్టిగా చెప్పి చూసుకున్నాను. ఎదురుగా వినడానికి గ్యాస్ సిలిండర్ ఒక్కటే ఉంది. బుద్ధిమంతురాలు, ప్రశ్నలు అడగలేదు.

ఇంతకు ముందు గౌతమి కూర్చునేది. నేను చెబుతుంటే మధ్యలో ఆపి, "ఎందుకక్కా? ఎందుకు?" అని ప్రాణం తోడేది.

జూలై 4, శుక్రవారం

డెమో అయింది. బాగానే జరిగింది.

జూలై 5, శనివారం

బాగా జరగలేదు. నా డైరీలో నేనే అబద్ధం రాసుకుంటే ఎవరు పట్టుకుంటారు?

ల్యాబ్‌లో ముప్పైమంది అమ్మాయిలు. ముందు వరసలో భారతి మేడం, ఆ డిపార్టుమెంటుకు హెడ్. ఆమె ముందు బల్ల మీద నా అప్లికేషన్. దాన్ని చేతిరాతతోనే నింపాలని రూలు. తొమ్మిదేళ్లు మౌసు పట్టుకుని నా రాత కోడిగీతలైపోయింది, అందుకని ముందురోజు రాత్రి గౌతమితో రాయించాను. 'అనుభవం' అన్నచోట తొమ్మిది సంవత్సరాలు అని గుండ్రంగా రాసింది. 'ఇతర అర్హతలు' అన్నచోట నేను చెప్పకుండానే 'ఓపికగా నేర్పిస్తుంది' అని రాసింది. అది నేను నిన్ననే చూశాను, తలకిందులుగా, బల్లకు ఇవతల నిలబడి.

తిరిగి కంప్యూటర్ ముందు కూర్చుని పని మొదలుపెట్టాను. కత్తిరించాను, అతికించాను, వెలుతురు కలిపాను, నీడ వేశాను. షాపులో చేసినట్టే చేశాను. బెల్లు మోగితే తల తిప్పి చూశాను. ముప్పైమంది నా వీపు వైపే చూస్తున్నారు. ఇరవై నిమిషాలు ఒక్క మాట మాట్లాడలేదట.

భారతి మేడం నన్ను వరండాలోకి పిలిచింది.

"ఇంత శుభ్రంగా కలిపేవాళ్లను నేను చూళ్లేదు. మిగిలిన ఇద్దరికీ ఇందులో సగం రాదు. కానీ మీరు పాఠం చెప్పలేదు సరళగారూ, పని చేసిపెట్టినారు. పిల్లలు మీ వీపు చూసి ఏం నేర్చుకుంటారు?"

"చెప్తాను మేడం."

"ఎప్పుడు? చేతికొచ్చింది సరే, ఎందుకు చేస్తాన్నారో అది నోటికి రావద్దా? పద్నాలుగో తారీఖు నుంచి ఒక వారం క్లాసులు తీసుకోండి. అప్పటికీ నోరు లేవకుంటే నేనేం చేయలేను."

ఆ అప్లికేషన్ ఇవ్వడానికే గౌతమి ఆ రోజు టౌనుకు వచ్చింది. ఇచ్చి తిరిగి గదికి పోతూ పోయింది. ఇది నాకూ నూరన్నకూ తప్ప ఎవరికీ తెలియదు.

అర్జెంట్ ఫ్లెక్సీ ఉండింది. నేను కదలడానికి వీల్లేకపోయింది.

జూలై 7, సోమవారం

ఏమీ లేదు.

జూలై 9, బుధవారం

అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. ఎప్పుడూ నేను చేయాల్సిందే, తను చేయదు.

"సరళా, బస్టాండు కాడ ఓబుళమ్మ బోర్డు నువ్వే చేసినావా?"

"మా షాపుదే. నేనే చేసినా."

"ఆయమ్మకు గౌతమి చేతులు ఏంటికి ఉండాయి?"

చేతులన్నీ ఒకేలా ఉంటాయమ్మా అన్నాను. అనడమైతే అన్నాను.

"నాకు చెప్పొద్దు. ఎడమచెయ్యి చిటికెనేలు వంకర. మూడేండ్లప్పుడు దొడ్డి తడికెలో పడి నలిగింది. కట్టు కట్టింది నేను. నీకు తెలుసో తెల్దో, నేను కన్న చేతులు నాకు తెల్దా?"

అవి గౌతమివేనని, నాలుగేళ్ల కిందట తీసిందని, ఫోటో లేని వాళ్లకు అలాగే చేస్తామని చెప్పాను.

"అంటే దాని మొగం కొట్టేసి ఇంగొకరి మొగం పెట్టినావు."

"అది పని అమ్మా."

ఫోన్‌లో గాలి చప్పుడు వినబడుతోంది. బస్టాండులోనే ఉన్నట్టుంది. వారం నుంచి రోజూ పోతోందట. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు, ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి వస్తోందట. మొహం పైకి చూడదట, చేతులే చూస్తుందట. చెన్నప్ప చూసి, తన తల్లికి ఇంత కావలసిన మనిషి ఉన్నట్టు తనకు తెలియదని కళ్లనీళ్లు పెట్టుకుని కాఫీ తాగించాడట.

"తాగినావా?"

"తాగినా. ఏం చెప్పేది వానికి? మీయమ్మ కోసరం రాలేదు అని చెప్పేదా?"

తర్వాత ఫోన్ పెట్టేసే ముందు మళ్లీ అంది, "ఇంత మంచి చేతులు పెట్టుకోని ఆ పొద్దు ఎవునికోసరం పోయింది మే అది?"

అప్పుడు చెప్పాల్సింది.

జూలై 12, శనివారం

ఓబుళమ్మ ఫ్లెక్సీ తీసేశారట. చెన్నప్ప గడ్డివామి మీద కప్పుకున్నాడు, బొమ్మ లోపలికి, తెల్లవైపు పైకి. అమ్మ చెప్పింది.

జూలై 14, సోమవారం

మొదటి క్లాసు. నోరు తెరిచాను. తెరిచాక పెద్ద కష్టమనిపించలేదు, షాపులో మెషిన్ చప్పుడు మీద అరిచి అరిచి గొంతు గట్టిపడింది. రంగుల గురించి చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. ఒకమ్మాయి ఆవలించింది.

చెప్పింది పుస్తకంలో ఉన్నదే. నా మాటలు కావు. భారతి మేడం తలుపు దగ్గర నిలబడి విని వెళ్లిపోయింది.

జూలై 15, మంగళవారం

నిన్నటిలాగే. ఇద్దరు ఆవలించారు.

జూలై 16, బుధవారం

ఇవాళ్టిది వరసగా రాయాలి.

మొహం అతికించడం చేసి చూపిస్తానన్నాను. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది పచ్చచీర ఒక్కటే. తెర మీద పెద్దగా వేశాను, ఒక ముసలామె మొహం పెట్టాను. అతుకు ఎక్కడుందో చెప్పమన్నాను. ఎవరూ చెప్పలేకపోయారు. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది.

రెండో వరసలో అంజలి అని ఒకమ్మాయి ఉంది, మడకశిర వైపు నుంచి వస్తుంది. అది లేచింది.

"అతుకు తెలీలేదు మేడం. కానీ ఇది తప్పు."

"ఏం తప్పు?"

"ఇవి వయసు పిల్ల చేతులు. ఈ అవ్వ మొగానికి ఈ చేతులు ఎట్లొస్తాయి? మా అవ్వ చేతులు ఇట్ల ఉండవు. శెనక్కాయలు వలిచి వలిచి గోర్లు అరిగిపోయి ఉంటాయి. ఇవి చూస్తే ఇంగా ఏ పనీ పడని చేతులు మేడం."

కస్టమర్లు చేతులు చూడరమ్మా అందామని నోటిదాకా వచ్చింది. నాలుగేళ్లుగా పోయిన అవ్వలందరికీ ఇరవయ్యేళ్లలోపు పిల్ల చేతులు పెట్టి పంపాను. మా షాపులో కాని, తీసుకుపోయిన వాళ్లలో కాని ఒక్కరు చెప్పలేదు. నాకూ కనబడలేదు. అతుకు తెలియకుంటే చాలనుకున్నాను.

"కరెక్టు," అన్నాను. "ఇది తప్పే. తప్పు నాది."

"ఎవరి చేతులు మేడం ఇవి?"

"మా చెల్లెలివి."

మొహం ఉన్న లేయర్ ఆపేశాను. తల లేని గౌతమి మిగిలింది. అప్పుడు నేను చెప్పడం మొదలుపెట్టాను. వెలుతురు ఎడమ నుంచి ఎందుకు పడింది? షాపు తలుపు అటు ఉంది కాబట్టి. చీర కుచ్చెళ్లు ఎందుకు ఎత్తుగా ఉన్నాయి? చీర పొడుగు మనిషిది, కట్టుకున్నది పొట్టి పిల్ల. కుడిభుజం ఎందుకు కిందికి దిగింది? నవ్వాపుకుంటోంది కాబట్టి. నవ్వు మొహంలోనే ఉండదు, భుజంలోకీ వస్తుంది, చూడండి. 'నన్ను పెద్దమనిషిని చేసి సంపుతాండావు కదక్కా' అని నవ్వింది. ఆ నవ్వే భుజాన్ని నేను నాలుగేళ్లుగా ఏడుపు ఫ్లెక్సీల మీద వేస్తున్నాను.

ఎవరూ ఆవలించలేదు.

"మీ చెల్లెలు ఏం చేస్తాది మేడం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"పోయింది. జూన్ అయిదున. ఈ ఉద్యోగానికి నా అప్లికేషన్ ఈ కాలేజీలోనే ఇచ్చి, తిరిగి పోతూ ఆటోలో పోయింది."

ముప్పైమంది ముందర అనేశాను. కన్నతల్లికి చెప్పలేనిది. గొంతు వణకలేదు, కన్ను తడవలేదు. పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. నేను గడియారం చూసుకుని, ఇంటికెళ్లి మీ ఇంట్లో ఒక ఆడమనిషి చేతులు ఎలా ఉంటే అలాగే ఫోటో తీసుకురండి, కడుక్కోమని కూడా చెప్పకండి అన్నాను.

జూలై 17, గురువారం

ఇరవై ఎనిమిది జతల చేతులు వచ్చాయి. పిండి అంటుకున్నవి, పేడ అంటుకున్నవి, సూది గుచ్చుకుని నల్లబడ్డవి. ఒకామె సిగ్గుపడి చేతులు కొంగులో దాచేసిందట, ఆ కొంగునే ఫోటో తీసుకొచ్చిందా పిల్ల. అన్నీ వరసగా తెర మీద వేసి, ఎవరివి ఏ వయసువో, ఏ పని చేస్తాయో చెప్పించాను. గంట ఎలా గడిచిందో తెలియలేదు. బాగుంది అనిపించింది. అనిపించింది అని రాసి చాలా రోజులైంది.

సాయంత్రం భారతి మేడం పిలిచింది.

"పోస్టు నీదే. సోమవారం ఇరవై ఒకటిన జాయిన్ అవ్వు." మీరు నుంచి నువ్వుకు దిగింది. "పిల్లలు చెప్పినారు తల్లీ. నాకు ముందే చెప్పుంటే ఆ రోజు ఆ కాగితం బల్ల మీద పెట్టేదాన్ని కాదు."

"ఒక్కమాట ఇంట్లో అడిగి చెప్తాను మేడం."

"ఇంట్లో ఎవర్ని?"

"మా అమ్మను."

అడగడానికేముంది? చెప్పడమే. ఉద్యోగం వచ్చిందంటే, ఎప్పుడు అప్లై చేసినావు, ఎవరిచ్చినారు అంటుంది. చెప్పకుండా చేరితే గౌతమి కంబదూరు వీధిలో ఎవడి కోసమో టౌనుకు పోయిన పిల్లగానే ఉండిపోతుంది, నేను దాని మీదుగా నడిచిపోయి కుర్చీలో కూర్చుంటాను. పైగా క్లాసులో మా ఊరి వైపు పోయే కళ్యాణదుర్గం బస్సెక్కే పిల్లలు ముగ్గురున్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. అమ్మ ఇంకొకరి నోట వినకూడదు.

జూలై 18, శుక్రవారం

నూరన్నకు చెప్పాను. సంతోషపడ్డాడు. షాపు పని ఎలా అన్న మాటే ఎత్తలేదు.

"మీయమ్మకు చెప్పినావా, ఆ పొద్దుటి సంగతి?"

"లేదన్నా."

"నువ్వు చెప్పకుంటే నేను పోయి చెప్పి వస్తా అనుకుంటి చాలాసార్లు. మళ్లా నాదేం పెత్తనం అని ఊరకుంటి." కుర్చీ దగ్గరికి జరుపుకుని అన్నాడు, "ఆ పొద్దు నేనే పో పో అని చెప్తి కదమ్మా. గుర్తుండాదా?"

గుర్తుంది. ఇక్కడ ఇన్నాళ్లు రాసింది తప్పు. అర్జెంట్ ఫ్లెక్సీ నిజమే, దానికోసం ఆరింటికే షాపుకు వచ్చిందీ నిజమే, అప్లికేషన్ గదిలో మరిచిపోయిందీ నిజమే. కానీ ఫ్లెక్సీ పదింటికల్లా అయిపోయింది. పన్నెండు దాకా టైముంది. గదికి పోయి కాగితం తెచ్చి ఇవ్వొచ్చు. నూరన్న బండి తాళం కూడా బల్ల మీద పెట్టాడు. నేను లేవలేదు. ఆ కాలేజీ గేటు దాటితే చదువుకున్న వాళ్లు అడుగుతారు, ఏం చదివినావు, ఎక్కడ నేర్చుకున్నావు అని. ఫ్లెక్సీ షాపులో అని ఎలా చెప్పాలి? ఫోన్ చేసి గౌతమితో, 'నాకు పనుంది, నువ్వు తెచ్చిచ్చేసి పో' అన్నాను. అది లీవులోనే ఉంది, నా కోసమే పెట్టింది, నన్ను గేటు దాకా దిగబెట్టాలని.

పనేమీ లేదు. భయపడ్డాను.

జూలై 20, ఆదివారం. కంబదూరు

సాయంత్రం. అమ్మ వంట చేస్తోంది. మళ్లీ ఎప్పుడో రాద్దామంటే మళ్లీ సర్ది రాస్తాను. ఇప్పుడే రాసేస్తున్నాను.

మధ్యాహ్నం వచ్చేసరికి అమ్మ నడవలో కూర్చుని విత్తనం కాయలు వలుస్తోంది. నేనూ కూర్చుని చేట ముందుకు లాక్కున్నాను. ఒక గుక్కలో చెప్పాను.

"ఆ పొద్దు గౌతమి టౌనుకు వచ్చింది నా పని మీద. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి నా అప్లికేషన్ ఇచ్చేకి. ఎవుడూ లేడు. నేను పోవాల్సింది, నేను పోలేదు. పనుండి కాదు. భయమై పోలేదు."

అమ్మ చేతులు ఆగలేదు. ఇంకో నాలుగు కాయలు వలిచింది.

"నెలన్నర పొద్దు ఈదంతా దాన్ని అంటాంటే ఇంటాన్నావా?"

"ఇంటాన్నా."

"నేనూ అంటి."

"అంటివి."

అప్పుడు కొట్టింది. చెంప మీద, మళ్లీ వీపు మీద. చేట బోర్లపడి గింజలన్నీ నడవంతా చెదిరాయి. కొట్టి, ఆయాసపడి, గోడకు చేరబడింది. అక్కడి నుంచే అడిగింది.

"ఇచ్చిందా?"

"ఏం?"

"ఆ కాగితం. ఇచ్చినాక పోయిందా, ఇయ్యకనే పోయిందా?"

"ఇచ్చింది. గేటు కాడ నుంచి నాకు ఫోన్ చేసింది, ఇచ్చేసినాక్కా అని. అదే ఆకరి మాట."

"ఉద్యోగం?"

"వచ్చింది. రేపే చేరాల."

"అయితే చెప్పిన పని ముగించుకోనే పోయింది నా బిడ్డ," అంది అమ్మ.

లేచి కొంగు దులుపుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది. పక్కింటి వాకిట్లో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, మొదట మాట పుట్టించింది వాళ్లే. వాళ్ల ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఎండలో అరిచింది.

"మే, ఇనండి! నా గౌతమి ఎవుర్నీ సూసేకి పోలేదు. అక్కకు ఉద్యోగం ఇప్పిచ్చేకి పోయింది. ఇప్పిచ్చే పోయింది. ఇంగ ఎవురైనా నోరు తెరిస్తిరంటే సూడండి!"

అక్కడి నుంచి రెండో ఇంటికి పోయింది. అదే మాట. మూడో ఇంటికి పోయింది. మూడో ఇంటి దగ్గర గొంతు పోయింది, దగ్గు తప్ప మాట రాలేదు. వెనక్కి తిరిగి, వాకిట్లోనే నిలబడి ఉన్న నన్ను చూసింది. చెయ్యి పట్టి లాక్కెళ్లి ఆ ఇంటి ముందు నిలబెట్టింది.

"నువ్వు చెప్పు," అంది బొంగురు గొంతుతో. "పిల్లోళ్లకు పాఠాలు చెప్తావంట కదా. ఈళ్లకు చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. మా చెల్లెలు అన్న దగ్గరే ఏడుపొచ్చింది. నలభై అయిదు రోజుల ఏడుపు, వీధిలో, అందరి ముందర, ముక్కు కారుతూ. ఇంటివాళ్లు చాల్లేమ్మా, అర్థమైంది లోపలికి రా అన్నారు. అమ్మ నన్ను కూర్చోనివ్వలేదు. భయపడి నేను పోలేదు, అది పోయింది అన్నదాకా చెప్పించి, పక్క ఇంటికి నడిపించింది.

వీధిలో పదకొండిళ్లు. మూడో ఇంటి నుంచి పదకొండో ఇంటి దాకా నేనే చెప్పాను.